పార్టీకి ప్రాణం నేనే

సైకాలజీ చెబుతానంటే చాలు, తిరుపతిలో ఇప్పటికీ కొంతమంది అరచెయ్యి చాపుతారు. చేతులు చూడనండీ అంటే, అయితే మొహం చూసి చెప్పండి అంటారు. ఉద్యోగమంతా ఈ ఊళ్ళోనే ఆ సబ్జెక్టు చెప్పి రిటైరయ్యాను. పుచ్చు వంకాయను కూడా మొహం చూసి పట్టలేనని మా ఇంట్లో అందరికీ తెలుసు.

మీలో ఇప్పుడు ఈ చదువు చదువుతున్న పిల్లలు ఫోన్లో నాలుగు ప్రశ్నలకు వేలు నొక్కి, "నేను ఇలాంటిదాన్నంట!" అని ఒకరికొకరు చూపించుకుంటుంటే నాకు నవ్వొస్తుంది. కొంచెం భయం కూడా వేస్తుంది. ఆ భయం ఎక్కడ పట్టుకుందో చెప్పాలంటే సూళ్లూరుపేట దగ్గరి ఒక ఫ్యాక్టరీ సంగతి చెప్పాలి.

రిటైర్మెంటుకు ఇంకా కొన్నేళ్ళు ఉందనగా, ఒక ఉదయం డిపార్టుమెంటుకు ఫోన్ వచ్చింది. కార్లలో వాడే వైర్ల కట్టలు తయారుచేసే విదేశీ కంపెనీ అది. మాట్లాడిన ఆయన అక్కడ హెచ్చార్ మేనేజరు. పుత్తూరు మనిషి. మంచీ చెడ్డా ఏమీ అడక్కుండా నేరుగా విషయంలోకి దిగాడు.

"మేడమ్, మీరు సైకాలజీలో పెద్దోళ్ళంట గదా, ఒక మాట అడగాల. ఈ సముద్రం పక్క ఊర్లలో ఆడపిల్లోళ్ళకి మనసు సరిగ్గా ఉండదా?"

"ఎవరన్నారండీ ఆ మాట?"

"మిషనే చెప్తా ఉండాది మేడమ్. వచ్చినోళ్ళకి వచ్చినట్టు ఎర్ర మార్కు ఏస్తాండాది. నాకైతే ఆ ఉప్పు గాలి మీద అనుమానం."

సంగతి ఏమిటంటే, ఫ్యాక్టరీలో కొత్త లైను తెరుస్తున్నారు. దానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి అమ్మాయిలను తీసుకుని వారం రోజులు శిక్షణ ఇచ్చారు. చివర్లో ఒక మానసిక పరీక్ష పెట్టారు. విదేశంలోని హెడ్డాఫీసు పంపిన పరీక్ష అది. ఒక్కో వాక్యం చదివి "నిజం" అనో "అబద్ధం" అనో గీత పెట్టాలి. ఆ కాగితాన్ని కంప్యూటరుకు పెడితే పచ్చ, పసుపు, ఎరుపు అని మార్కులిస్తుంది. ఎరుపు వస్తే తీసుకోకూడదు. చాలా దేశాల్లో వాడుతున్న పరీక్షేనట. ఇక్కడ మాత్రం దాదాపు అందరికీ ఎరుపే వచ్చింది. అమ్మాయిలను ఇళ్ళకు పంపేశారు. లైను ఖాళీగా ఉంది. హెడ్డాఫీసు రోజూ ఉత్తరం మీద ఉత్తరం కొడుతోంది.

వెళ్ళి చూద్దామని మా డిపార్టుమెంటులో గణాంకాలు చెప్పే సహోద్యోగిని వెంట తీసుకెళ్ళాను. ఆయన మనుషుల మాట నమ్మడు, అంకెల్నే నమ్ముతాడు. అంకెల్ని కూడా టిఫిను తిన్న తరువాతే నమ్ముతాడు. అందుకని నాయుడుపేటలో హైవే పక్కన కారు ఆపించాడు. రెండో దోసె వచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు. అది కూడా అయ్యాక, "లెక్క ప్రకారం ఒక ప్రాంతానికి ప్రాంతమే చెడిపోయే అవకాశం బాగా తక్కువ మేడమ్. కాగితమే చెడిపోయుండాల" అని తేల్చేసి, సూళ్లూరుపేట దాకా నిద్రపోయాడు.

ఫ్యాక్టరీలో ఆ తెలుగు కాగితం చేతికివ్వగానే నాకు పరిస్థితి సగం అర్థమైంది. మనిషన్నవాడు దాన్ని అనువాదం చేసి ఉండడు. చేసి ఉంటే ఆ మనిషికి తెలుగుతో పాత కక్షలున్నాయనుకోవాలి. మొదటి వాక్యం ఇది: "నేను తరచుగా నీలంగా ఉంటాను." ఇంగ్లీషువాళ్ళు దిగులుగా ఉండడాన్ని నీలంగా ఉండడం అంటారు. ఇంకాస్త కిందికి పోతే, "పార్టీకి ప్రాణం నేనే." విందుల్లో సందడి చేసే మనిషిని వాళ్ళు అలా అంటారు. దాని కింద, "నేను అబద్ధం చెప్పకుండా ఉండలేనన్నది నిజం కాదు." దీనికి నిజమని పెట్టాలో అబద్ధమని పెట్టాలో మా సహోద్యోగి పెన్ను తీసుకుని లెక్క కట్టాడు. రెండుసార్లు కడితే రెండు జవాబులు వచ్చాయి.

మేం అడిగితే, ఇంటికి పంపేసిన అమ్మాయిల్లో కొందరిని మళ్ళీ పిలిపించారు. క్యాంటీన్లో కూర్చోబెట్టి, టీ ఇప్పించి, ఏ వాక్యానికి ఏం పెట్టారో, ఎందుకు పెట్టారో చెప్పమన్నాను. పులికాట్ సరస్సు ఒడ్డున ఒక చేపలవాళ్ళ ఊరి నుంచి వచ్చిన అమ్మాయి మొదట మాట్లాడింది. సన్నగా ఉంది. ఇంటర్ పాసైంది. ఆ ఇంట్లో కంపెనీ ఉద్యోగం దాకా వచ్చింది ఆ పిల్ల ఒక్కతే.

"నీలంగా ఉంటాను అన్నదానికి నిజం అని పెట్టావు. ఎందుకమ్మా?"

"వారమంతా నీలం కోటే గదా మేడమ్ ఇచ్చినారు. వేరే రంగు యాడ ఉండాది?"

మిగతావాళ్ళు తలలూపారు. వాళ్ళూ అందుకే పెట్టారట.

"ఎవరో నన్ను ఎప్పుడూ గమనిస్తున్నారు. దీనికీ నిజమనే పెట్టావు."

అమ్మాయి చూపుడు వేలు పైకెత్తింది. నేను తలెత్తి చూశాను. క్యాంటీన్ పైకప్పుకు కెమెరా ఉంది. దానికి అవతల ఇంకొకటి.

"పక్కనున్నవాళ్ళకు వినపడని మాటలు నాకు వినపడతాయి?"

ఇంకో పిల్ల అందుకుంది. "ఫోనులో మాట్లాడేది పక్కోళ్ళకి ఎట్ల వినబడతాది మేడమ్? నా చెవి దగ్గర పెట్టుకోనుంటే?"

"పార్టీకి ప్రాణం నేనే?"

దానికి మాత్రం ఎవరూ ఏ గీతా పెట్టలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి పులికాట్ అమ్మాయి గొంతు తగ్గించి చెప్పింది.

"ఏ పార్టీ అని రాయలేదు మేడమ్. రాసినా మేము చెప్పం. ఓటు సంగతి కంపెనీవోళ్ళకి చెప్పొద్దని ఇంట్లో గెట్టిగా చెప్పి పంపించినారు."

మా సహోద్యోగి టీ పొలమారి దగ్గడం మొదలుపెట్టాడు. హెచ్చార్ మేనేజరు మాత్రం నవ్వలేదు. ఆయన మొహంలో మొదటిసారి ఒక అనుమానం కనిపించింది. అది ఉప్పు గాలి మీద కాదు.

ఒక వాక్యం దగ్గర నేను ఆగాను. "చనిపోయినవాళ్ళతో నేను మాట్లాడతాను." పులికాట్ అమ్మాయి దానికి నిజమని పెట్టింది. ఇది మాత్రం అనువాదంలో చెడిన వాక్యం కాదు. మా చదువులో ఇలాంటి జవాబు వస్తే కొంచెం జాగ్రత్తగా అడగాలి.

"ఎవరితో మాట్లాడతావమ్మా?"

"మా నాయనతో. ఆయన పోయి శానా దినాలయింది. పొద్దున పనికి పోతా ఫోటోకి చెప్పి పోతాను. చెప్పకుండా పోతే ఎట్ల?"

"ఆయన నీతో తిరిగి ఏమన్నా మాట్లాడతాడా?"

"బతికున్నప్పుడే పెద్దగా మాట్లాడేవాడు కాదులే మేడమ్."

నేను కాగితం మడిచి పక్కన పెట్టేశాను. వెళ్ళేముందు ఆ పిల్ల నా దగ్గరకొచ్చి మెల్లగా చెప్పిన మాటతో అంతదాకా నవ్విన నవ్వు ఆగిపోయింది. ఎర్ర మార్కు అంటే మెంటల్ అని గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఎవరితోనో అన్నాడట. ఆ మాట అమ్మాయిల కంటే ముందే బస్సెక్కి ఊళ్ళకు చేరింది.

"మా అమ్మ రేత్రంతా నిద్రపోకుండా నన్నే చూస్తా కూచునుంటాది మేడమ్. చేపల కత్తి యాడో దాచేసింది. కత్తి పని లేని రొయ్యలు తప్ప ఏమీ ముట్టుకోనీదు. చర్చిలో ప్రార్థన చేయించింది, మళ్ళీ మా మేనత్త మాట విని తాయెత్తు గూడా కట్టించింది. నాకేం లేదంటే, కంప్యూటరు అబద్ధం చెప్తాదా అంటాది. నేను చెప్తే మాత్రం అబద్ధమంట."

తిరుగు ప్రయాణంలో మా సహోద్యోగి నాయుడుపేటలో కారు ఆపమనలేదు.

వాక్యాలు మార్చి రాసే పని మాకే ఇవ్వమన్నాను. కంపెనీ ఒప్పుకుంది. ఇంట్లో కూర్చుని మంచి తెలుగు రాశాను. ఎంత మంచి తెలుగంటే, "పార్టీకి ప్రాణం నేనే" అన్నది "సామాజిక సమావేశములందు ఉత్సాహమునకు నేనే కేంద్రబిందువునై ఉందును" అయింది. "గమనిస్తున్నారు" అన్నది "నిరంతర పర్యవేక్షణకు లోనగుచున్న భావన నాకు కలుగుచుండును" అయింది. తిరుపతిలో మా ఎమ్మే విద్యార్థులకు పెట్టి చూశాను. అందరికీ పచ్చ మార్కు వచ్చింది. ఇంటర్నల్ మార్కులు నా చేతిలో ఉన్నంతకాలం వాళ్ళకు ఇంకే రంగూ రాదని నాకు అప్పుడు తట్టలేదు.

ఆ కాగితం పట్టుకుని మళ్ళీ ఫ్యాక్టరీకి పోయాం. మళ్ళీ పిలిపించిన అమ్మాయిలు చాలాసేపు చదివారు. ఒకమ్మాయి చెయ్యెత్తింది.

"మేడమ్, ఇది ఏ భాష?"

"తెలుగేనమ్మా."

"మరి మాకెందుకు తెలీలేదు?"

అయినా మర్యాదకు ఏదో ఒకటి పెట్టాలని అన్నిటికీ ఒకే గీత పెట్టి ఇచ్చారు. మా సహోద్యోగి ఆ కాగితాలన్నీ తిప్పి చూసి, "లెక్క ప్రకారం వీళ్ళందరూ ఒకే మనిషి మేడమ్" అన్నాడు. ఆయన ఎగతాళి చేయలేదు. అంకెలు నిజంగానే అలా ఉన్నాయి.

ఆ తరువాత చాలా వారాలు నేను మధ్యాహ్నం భోజనాల వేళ ఆ క్యాంటీన్లోనే కూర్చున్నాను. పాత లైనులో పనిచేసేవాళ్ళు అన్నం తింటుంటే పక్కన చేరి, ఒక్కో వాక్యం చదివి, ఏమర్థమైందో మీ మాటల్లో చెప్పమనేదాన్ని. వాళ్ళు చెప్పింది రాసుకుని, మరునాడు ఇంకొకరికి వినిపించేదాన్ని. "పెండ్లిలో గానీ, పండగలో గానీ నలుగుర్నీ నవ్విస్తా ఉంటాను" అన్న వాక్యం అలా వచ్చిందే. దాన్ని చదవగానే ఒక పెద్దావిడ, "ఇది మా ఆడబిడ్డ గురించి రాసినారా?" అని అడిగింది. ఆ రోజు నేను ఇంటికి చాలా గర్వంగా వచ్చాను.

అంతలో హెడ్డాఫీసు ఒక నిపుణురాలిని పంపుతున్నట్టు కబురొచ్చింది. వేరు వేరు దేశాల్లో ఇలాంటి పరీక్షలు సరిగ్గా తయారవుతున్నాయా, సరిగ్గా వాడుతున్నారా అని చూసే ఒక అంతర్జాతీయ బృందంలో ఆవిడ పనిచేస్తుంది. హెచ్చార్ మేనేజరుకు చెమటలు పట్టాయి. తిరుపతి లడ్డూ తెప్పించాడు. పూలదండ తెప్పించాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"మేడమ్, టెస్టు మంచిదే, పిలకాయల్లోనే ఏదో తేడా ఉండాదని నేను హెడ్డాఫీసుకి రాసేసినాను. ఆమె ముందర మీరు వేరే మాదిరి చెప్తే నా ఉద్యోగం పోతాది."

"అలా ఎందుకు రాశారండీ?"

"అప్పుటికి ఉప్పు గాలే అనుకున్నాను గదా!"

ఆవిడ వచ్చింది. తెల్లజుట్టు కత్తిరించుకుని, నూలు చొక్కా వేసుకుని, భుజానికి నీళ్ళ సీసా తగిలించుకుని ఉంది. దండ వేయించుకుంది, లడ్డూ నోట్లో వేసుకుంది. ఎవరి ఉపన్యాసమూ వినకుండా ఒకే ప్రశ్న అడిగింది. నేను తెలుగులో చెప్పాను.

"ఇక్కడ పని బాగా చేసేది ఎవరు?"

హెచ్చార్ మేనేజరు ఉత్సాహంగా గోడ వైపు చూపించాడు. ఉత్తమ ఉద్యోగినుల ఫోటోలు వరసగా ఉన్నాయి. "వీళ్ళు మా రత్నాలు మేడమ్. ఒక్క వైరు తప్పుగా బిగించింది లేదు."

"మంచిది. ఆ మొదటి పరీక్ష వీళ్ళకు పెట్టండి" అంది ఆవిడ.

ఎంత చిన్న మాట! బాగా పనిచేస్తారని అందరికీ తెలిసినవాళ్ళకు పెట్టి చూస్తే, పరీక్ష నిజం చెబుతోందో లేదో తేలిపోతుంది. హెచ్చార్ మేనేజరుకు పట్టుదల వచ్చింది. "నేను గూడా రాస్తాను మేడమ్. టెస్టులో తప్పు లేదని చూపిస్తాను" అని కుర్చీ లాక్కుని రత్నాల పక్కనే కూర్చున్నాడు.

క్యాంటీన్లో తెర మీద ఫలితాలు వేశారు. భోజనానికి వచ్చినవాళ్ళందరూ పళ్ళాలతో నిలబడి చూస్తున్నారు. మొదటి రత్నానికి ఎరుపు. రెండో రత్నానికి ఎరుపు. మూడోది ఎరుపు. ఒకావిడకు పసుపు వచ్చింది. ఆవిడ షిఫ్టు దిగి వచ్చి సగం కాగితం మీదే కునుకు తీసిందట. ఇక మిగిలింది హెచ్చార్ మేనేజరు ఒక్కడే.

ఆయనకు ఏ రంగూ రాలేదు. రంగు ఉండాల్సిన చోట ఒక వాక్యం వచ్చింది. నన్ను పైకి చదవమన్నారు. నేను చదివాను.

"ఈ వ్యక్తి చెప్పే మాటలు నమ్మదగినవి కావు."

ముందు ఎవరూ నవ్వలేదు. గేటు దగ్గరి సెక్యూరిటీ అతను మొదలుపెట్టాడు. ఆ తరువాత క్యాంటీను క్యాంటీనంతా నవ్వింది.

ఇందులో కిటుకు మీకు చెప్పాలి. ఇలాంటి పరీక్షల్లో కొన్ని వాక్యాలు వల లాంటివి. "నాకు ఎప్పుడూ ఎవరి మీదా కోపం రాలేదు", "నేను జీవితంలో ఒక్కసారి కూడా ఆలస్యంగా రాలేదు" అని ఉంటాయి. వాటన్నిటికీ నిజమని పెట్టేవాళ్ళు మంచి పేరు కోసం రాస్తున్నారని పరీక్ష అనుకుంటుంది. పాపం ఆయన ఒక్కటి కూడా వదలకుండా అన్నిటికీ నిజమని పెట్టాడు.

"మేడమ్, అంటే నేను అబద్ధాలకోరునా?" అని నా చెవిలో అడిగాడు.

"కాదండీ. మీరు మరీ మంచివారుగా రాశారు, అంతే."

"మంచోడిగా రాస్తే నమ్మరా? ఇదేం టెస్టు మేడమ్!"

ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చింది చూడండి, దాంతో పరీక్ష పని అయిపోయింది. నా వంతు వచ్చిందని నేను లేచాను. నెలల తరబడి కష్టపడి తయారుచేసిన నా కొత్త కాగితం ఆవిడ చేతికిచ్చాను. ఒక్కో వాక్యానికీ ఎవరి దగ్గర ఏం విన్నానో, ఎందుకు అలా మార్చానో చెప్పాను. ఆవిడ శ్రద్ధగా వింది. చాలా మంచి పని చేశారంది. అందరూ ఇలా చేస్తే బాగుండునంది. తరువాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ మామూలుగా అడిగింది.

"వైర్లు బిగించే ఉద్యోగానికి ఈ పరీక్ష ఎందుకు పెడుతున్నారు?"

నేను మా సహోద్యోగి వైపు చూశాను. ఆయన హెచ్చార్ మేనేజరు వైపు చూశాడు. ఆయన పైకప్పు కెమెరా వైపు చూశాడు. "మెయిల్ వచ్చినాది మేడమ్. అందరికీ పెట్టమన్నారు, పెట్టినాను" అన్నాడు.

అప్పుడు ఆవిడ చెప్పింది. అది ఆసుపత్రుల కోసం తయారైన పరీక్ష. అప్పటికే బాధపడుతూ డాక్టరు దగ్గరికి వచ్చినవాళ్ళతో మాట మొదలుపెట్టడానికి వాడేది. హెడ్డాఫీసులో ఎవరో ఎందుకో కొన్నారు, ఇంకెవరో అన్ని దేశాల ఫ్యాక్టరీలకూ పంపేశారు. దాన్ని ఎంత మంచి తెలుగులో రాసినా వైరు బిగించడం వచ్చో రాదో అది చెప్పలేదు.

పరీక్షను ముట్టుకునే ముందు అది దేనికోసం తయారైందో అడగాలని నేను ప్రతి ఏడూ జూనియర్లకు మొదటి క్లాసులోనే చెప్పేదాన్ని. బోర్డు మీద రాసి, కింద గీత కూడా గీసేదాన్ని. నెలల తరబడి ఆ క్యాంటీన్లో సాంబారు అన్నం తిన్నాను, ఆ ఒక్క మాట మాత్రం అడగలేదు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో హెచ్చార్ మేనేజరు మీద నాకు కోపమంతా పోయింది.

పరీక్ష ఆ రోజే ఆగిపోయింది. దాని బదులు అమ్మాయిలకు రంగులు సరిగ్గా కనిపిస్తున్నాయో లేదో చూసి, ఒక పలక మీద నాలుగు వైర్లు బిగించమని చూస్తే చాలన్నారు. ఆవిడ వెళ్ళేముందు ఇంకో మాట అడిగింది. ఎర్ర మార్కు సంగతి ఇళ్ళకు ఎలా తెలిసిందని. నేను చెప్పాను. ఆవిడ మొహంలో నవ్వు పోయింది. పరీక్ష తప్పు కావడం వేరు, ఒకరి ఫలితం గేటు దాటడం వేరు అంది. మీరే వెళ్ళి ప్రతి ఇంటికీ చెప్పిరండి అని హెచ్చార్ మేనేజరుతో అంది. ఆయన ఉద్యోగం పోలేదు. ఈ పని మాత్రం ఆయన నెత్తిన పడింది.

తరువాత ఆవిడ పిలిస్తే నేను కూడా కొన్నాళ్ళు వాళ్ళ బృందం సమావేశాల్లో కూర్చున్నాను. నాకు పొద్దుటి కాఫీ వేళకు కంప్యూటరు తెర మీద ఒకరు స్వెట్టరు వేసుకుని, ఇంకొకరు విసురుకుంటూ కనిపించేవాళ్ళు. పరీక్షలను ఏ దేశంలోనైనా ఎలా మార్చుకోవాలో, ఎక్కడ వాడకూడదో కలిసి రాసుకునేవాళ్ళం. ప్రతివాళ్ళ దగ్గరా ఇలాంటి కథ ఒకటుండేది. నా వంతు వచ్చినప్పుడు ఓటు సంగతి చెబితే తెర మీద అన్ని దేశాలూ నవ్వాయి. అయినా ఆ ఉద్యోగంలో ఏది గుర్తుందంటే నాకు గుర్తొచ్చేది ఆ తెర కాదు, ఒక శనివారం.

హెచ్చార్ మేనేజరు ఊరూరూ తిరిగి చెప్పొచ్చాడు. పులికాట్ అమ్మాయి ఇల్లు ఒక్కటి మిగిలింది. ఆ తల్లి ముందుకు ఒక్కడే పోవడానికి ధైర్యం చాలక నన్ను రమ్మన్నాడు. మేం పోయేసరికి ఒడ్డున పడవలు లాగి పెట్టి ఉన్నాయి. తల్లి ఇంటి ముందు నీడలో కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. అమ్మాయి ఇంట్లో లేదు.

"ఎవురు సామీ మీరు?"

ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అమ్మా, మీ పాపకి టెస్టు పెట్టింది నేనే. ఆ టెస్టు తప్పు. మీ పాప బంగారంగా ఉండాది. అది చెప్పేదానికి వచ్చినాను."

ఆమె చేతిలోని చేప పక్కన పెట్టింది. "మెంటలని చెప్పింది ఎవురు?"

"మిషను చెప్పినాదమ్మా."

"మరి బాగుండాదని?"

"మేం చెప్తాండాం. తప్పు మాదే. మేం సూసుకోలేదు."

"మీరు చెప్తే నేను నమ్మాలా?"

ఆ ప్రశ్నకు ఆయన ఏం చెబుతాడోనని నేను చూస్తున్నాను. ఆయన ఉన్నట్టుండి, "నాకు గూడా అదే టెస్టు పెట్టినారమ్మా. అందరి ముందర నేను నమ్మదగినోణ్ణి కాదని వచ్చింది" అని మొత్తం చెప్పేశాడు. క్యాంటీను, తెర, సెక్యూరిటీ అతని నవ్వు, ఏదీ దాచలేదు. చెబుతూ చెబుతూ ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రోజు నుంచి ఆయన దాన్ని ఎవరికీ చెప్పుకోలేదని అప్పుడర్థమైంది. ఆమె ముందు నోరు తెరుచుకుని విన్నది. తరువాత పైట నోటికి అడ్డం పెట్టుకుంది. తరువాత ఆపుకోలేక పడీ పడీ నవ్వింది.

"అయ్యో సామీ! నిన్ను గూడానా!" అని లేచింది. "లోపలికి రండి. ఎండన పడొచ్చినారు, అన్నం తిని పోండి."

విస్తర్లు వేసి చేపల పులుసు తెచ్చింది. హెచ్చార్ మేనేజరు నా వైపు వంగి, "శనివారం మేడమ్. పుట్టినకాడి నుంచి శనివారం నీచు ముట్టింది లేదు" అని గొణిగాడు. చెప్పి వద్దనెయ్యండి అన్నాను. ఆయన ఆమె మొహం చూశాడు, గరిటె చూశాడు. "ఆ ఏడుకొండలాయనకి నేను చెప్పుకుంటాలే" అని విస్తరి ముందుకు జరిపాడు.

అమ్మాయి ఎక్కడని తినేటప్పుడు అడిగాం. పక్క ఫ్యాక్టరీలో చేరి అప్పటికే కొన్నాళ్ళయిందట. ఆయన చెయ్యి విస్తరిలో ఆగిపోయింది.

"ఆడ ఏం టెస్టు పెట్టినారమ్మా?"

"బస్సు స్టాపు మీ ఊరికి ఎంత దూరం అని అడిగినారంట."

తిరిగి వస్తుంటే రోడ్డు మీద కంపెనీ బస్సు దిగుతూ ఆ పిల్లే కనిపించింది. కోటు ఇప్పుడు ఆకుపచ్చది. కారు ఆపాం. ఆయన దిగి వెళ్ళి, మళ్ళీ మా లైనుకు రమ్మని అడిగాడు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. ఈడే బాగుండాది సార్ అంది. ఆయన బలవంతం చేయలేదు.

"మా ఇంటికి పొయ్యొచ్చినారా సార్?"

"పొయ్యొచ్చినాం పాపా."

"మా అమ్మతో చెప్పినారా?"

"చెప్పినాను."

"నమ్మిందా?"

ఆయన ఆలోచించాడు. ఈసారి మంచి పేరు కోసం ఏదీ చెప్పదలచుకోలేదనుకుంటాను.

"నమ్మిందో లేదో నాకు తెలీదు పాపా. చేపల పులుసు పోసింది."

ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. "శనివారం పూట? క్యాంటీన్లో గుడ్డు గూడా ముట్టరు గదా! తిన్నారా సార్?"

"రెండోసారి నేనే అడిగి పోయించుకున్నాను."

"అయితే నమ్మినట్టే సార్" అని నవ్వేసి, టిఫిను డబ్బా ఊపుకుంటూ ఊరి వైపు నడిచింది.